మార్కుల కాగితం కన్నా ముందు బిడ్డ ముఖం చూద్దాం

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే రోజు మన ఇళ్లు ఎలా ఉంటాయో మనకందరికీ తెలుసు. పొద్దున్నుంచీ ఫోన్ మోగుతూనే ఉంటుంది. మామూ అడుగుతాడు, ఖాలా అడుగుతుంది, పక్కింటివారు గుమ్మంలోకి వచ్చి అడుగుతారు. కువైట్‌లో ఉన్న తండ్రి డ్యూటీ మధ్యలో ఫోన్ చేస్తాడు. అందరి నోటా ఒకటే మాట: "ఎన్నొచ్చాయి?" బిడ్డ అన్నం తిన్నాడా, రాత్రి నిద్రపోయాడా అని అడిగేవారు ఆ రోజు అరుదు. మార్కులు రాని పిల్లవాడు గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంటే, "సిగ్గుపడుతున్నాడులే, కాసేపటికి వాడే వస్తాడు" అని ఊరుకుంటాం. అలా ఊరుకున్నందుకు జీవితాంతం కుమిలిపోతున్న తల్లిదండ్రులు మన మధ్యనే ఉన్నారు.

2019 ఏప్రిల్ 18న తెలంగాణలో ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత జరిగినది మనం మరచిపోదగినది కాదు. లక్షలాది విద్యార్థులు ఫెయిలైనట్టు ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తర్వాత ఫలితాల తయారీలోనే తప్పులున్నాయని బయటపడింది. ఒక విద్యార్థినికి తెలుగులో సున్నా వచ్చిందన్నారు. జవాబు పత్రం మళ్లీ చూస్తే వచ్చినవి 99 మార్కులు! ఫెయిలైన వారందరి పత్రాలనూ ఫీజు లేకుండా పునఃపరిశీలించాలని ప్రభుత్వం ఆదేశించగా, వెయ్యిమందికి పైగా పాసైనట్టు తేలింది.

కాగితం మీది అంకెను దిద్దవచ్చు. పోయిన ప్రాణాన్ని ఎవరు తిరిగి తేగలరు? ఆ అంకె తప్పయినా ఒప్పయినా, అది ఒక పరీక్ష గురించి చెప్పే మాట మాత్రమే. బిడ్డ బ్రతుకు మీద తీర్పు కాదు.

జాతీయ నేర నమోదు బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకు ముప్పై అయిదు మందికి పైగా. వీటికన్నిటికీ పరీక్షే కారణమనడం సరికాదు. నెలల తరబడి లోలోపల పేరుకున్న దిగులు, ఎవరికీ చెప్పుకోలేని ఒంటరితనం వెనుక ఉంటాయి. ఆ నెలల్లో మనం ఏం చేస్తున్నాం అన్నదే అసలు ప్రశ్న.

ప్రేమతోనే వేసే బరువు

మన కుటుంబాల్లో చాలామంది పిల్లలు కాలేజీ మెట్లు ఎక్కిన మొదటి తరంవారు. తండ్రి ఆటో నడుపుతాడు, వెల్డింగ్ షెడ్డులో పనిచేస్తాడు, పండ్ల బండి పెడతాడు. తల్లి ఇంట్లో కుట్టుమిషను తొక్కుతుంది. చిట్టీ పాడి, ఉన్న కాస్త బంగారం కుదువపెట్టి కాలేజీ ఫీజు కడతారు. ఈ త్యాగం చిన్నది కాదు. అయితే ఆ సంగతి బిడ్డకూ తెలుసు. రోజూ భోజనం దగ్గర గుర్తుచేస్తే ఆ త్యాగమే బిడ్డ గుండెల మీద బండగా మారుతుంది.

"చదవకపోతే షెడ్డులో పనికి పెడతాను" అని కొడుకును బెదిరిస్తాం. తాను హలాల్‌గా సంపాదించి ఇల్లు నిలబెట్టిన పనినే తండ్రి శిక్షగా చూపిస్తే, ఆ పిల్లవాడు తండ్రిని చూసి గర్వపడేదెలా? "ఫెయిలైతే నికాహ్ చేసి పంపించేస్తాం" అని కూతురిని బెదిరిస్తాం. ఆడపిల్లకు పరీక్ష పోవడమంటే చదువే ఆగిపోవడం అన్నమాట. మగపిల్లవాడికి సప్లిమెంటరీ ఉంటుంది, అమ్మాయికి సంబంధం చూస్తారు. ఒకే ఇంట్లో ఒకే తప్పుకు రెండు తీర్పులు! ఆ భయంతో పుస్తకం ముందు కూర్చున్న పిల్లకు అక్షరాలు తలకెక్కుతాయా?

ఇక హాస్టళ్ల సంగతి. తెల్లవారుజామున మొదలయ్యే స్టడీ అవర్లు రాత్రి దాకా సాగుతాయి. వారం వారం పరీక్షలు. ర్యాంకును బట్టి సెక్షన్లు మార్చడం. ఆదివారం ఫోన్ చేతికిచ్చిన అయిదు నిమిషాల్లో బిడ్డ ధైర్యం చేసి, "నాకిక్కడ బాగోలేదు అమ్మీ" అంటుంది. "రెండేళ్లు ఓర్చుకో బేటా, తర్వాత అంతా సుఖమే" అంటాం. మన దృష్టిలో అది ఓదార్పు. బిడ్డకు మాత్రం, ఇక ఈ మాట మళ్లీ ఎత్తవద్దని చెప్పినట్టు వినిపిస్తుంది.

దిగులు ఈమాన్ లోపమా?

మన ఇళ్లలో మరో అడ్డుగోడ కూడా ఉంది. పిల్లవాడు నెలరోజులుగా దిగులుగా ఉంటే, "నమాజు సరిగా చేయడం లేదు, అందుకే" అంటారు ఒకరు. "ఎవరిదో నజర్ తగిలింది, తావీజు కట్టించండి" అంటారు మరొకరు. ఆమిల్ చుట్టూ తిరగడంలో నెలలు గడిచిపోతాయి, డబ్బూ పోతుంది. డాక్టరు మాట ఎత్తితే మాత్రం, "మా పిల్ల పిచ్చిదా? ఎర్రగడ్డకు తీసుకెళ్లమంటారా?" అని కోపం వస్తుంది. రేపు సంబంధాలు రావేమోనన్న బెంగ ఒకటి.

దుఃఖపడటమే ఈమాన్ బలహీనత అయితే హజ్రత్ యాఖూబ్ (అలై) సంగతేమిటి? కొడుకు యూసుఫ్ (అలై) దూరమైన బాధలో ఏడ్చి ఏడ్చి ఆయన చూపు పోయిందని ఖుర్ఆన్ తెలుపుతున్నది. హజ్రత్ ఖదీజా (రజి), పెదనాన్న అబూ తాలిబ్ కన్నుమూసిన సంవత్సరానికి చరిత్రలో దుఃఖ సంవత్సరం అనే పేరుంది. దైవప్రవక్త (స) తన పసిబిడ్డ ఇబ్రాహీం మరణించినప్పుడు కన్నీరు కార్చారు. ప్రవక్తల కంట నీరు వస్తే తప్పుకానిది, పదహారేళ్ల బిడ్డకు వస్తే తప్పెలా అవుతుంది?

చికిత్స విషయం చూద్దాం. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దేహారోగ్యాన్నీ మనసు ఆరోగ్యాన్నీ కలిపి ఒక గ్రంథం రాశారు. కారణం తెలిసిన దిగులు వేరు, కారణం తెలియకుండా కమ్ముకొచ్చే దిగులు వేరు అని, రెండోది దేహంలోంచి పుట్టేదని ఆయన వివరించారు. వెయ్యేళ్ల క్రితం మన పండితులు వైద్య విషయంగా చర్చించినదాన్ని ఈనాడు మనం గుసగుసగా మాట్లాడుకోవడం విచారకరం. దువా చేద్దాం, దవా కూడా ఇప్పిద్దాం. షుగరు వస్తే తావీజు ఒక్కటే కట్టి కూర్చోం కదా!

చేయవలసినవి

రెండు వారాలకు మించి నిద్ర చెడిపోవడం, తిండి మానేయడం, స్నేహితులను దూరం పెట్టడం, ఇష్టమైన క్రికెట్‌కూ వెళ్లకపోవడం, చిన్నమాటకే విరుచుకుపడటం, తన వస్తువులు ఇతరులకు పంచేయడం, "నేను లేకుంటే మీకే హాయి" వంటి మాటలు... వీటిని బద్ధకం అనో, పొగరు అనో కొట్టివేయరాదు. పక్కన కూర్చొని నెమ్మదిగా అడగాలి: "బ్రతకాలని లేదనిపిస్తోందా బేటా?" ఇలా అడిగితే లేని ఆలోచన కలుగుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడిగినవారు దొరికారన్న ఊరటే బిడ్డకు కలుగుతుంది. అవునని బదులిస్తే ఉపన్యాసం వద్దు, ఒట్లు వేయించుకోవడం వద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సహాయం తీసుకోవాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ అనే ఉచిత సేవ ఉంది. నంబరు 14416. పగలూ రాత్రీ ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడవచ్చు. బిడ్డే కాదు, ఏం చేయాలో తోచని తల్లిదండ్రులూ చేయవచ్చు. ఈ నంబరును వంటింటి గోడ మీది క్యాలెండరుపై రాసి పెట్టుకుందాం.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో ప్రాణాపాయంలో ఉన్న బిడ్డను ఆస్పత్రికి తీసుకుపోవడానికి వెనుకాడేవారున్నారు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, అటువంటి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించరాదని చెబుతున్నది. చికిత్స అందించే బాధ్యతను ప్రభుత్వంపైనే పెట్టింది. కాబట్టి ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు.

కాలేజీలనూ అడగాలి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌ను కనీసం ఒకరినైనా నియమించాలన్నది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, నలుగురిలో అవమానించడం, మోయలేని లక్ష్యాలు పెట్టడం మానాలన్నది. ఫీజు కట్టేటప్పుడు ఏసీ గదులున్నాయా అని అడిగే మనం, కౌన్సెలర్ ఎవరు, ఏ రోజుల్లో ఉంటారు అని కూడా అడుగుదాం. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే యాజమాన్యం బదులివ్వక తప్పదు.

మన మసీదు కమిటీలు కూడా ఆలోచించాలి. ఫలితాలకు ముందు వచ్చే జుమాలో ఇమామ్ సాహెబ్ తల్లిదండ్రులకు నాలుగు మంచిమాటలు చెబితే వంద ఇళ్లకు చేరుతాయి. ఏటా ర్యాంకులు వచ్చిన పిల్లలకు శాలువాలు కప్పుతున్నాం, సంతోషమే. ఫెయిలైన పిల్లలను పిలిచి సప్లిమెంటరీకి సాయంత్రం పూట ఉచితంగా చదువు చెప్పిస్తే అంతకు మించిన ఖిద్మత్ ఉండదు. ఆడపిల్లలు మనసు విప్పి మాట్లాడేందుకు మన టీచరమ్మలు, నర్సులు వారానికి ఒక గంట ఇవ్వగలరు. మందులు కొనలేని కుటుంబానికి బైతుల్‌మాల్ నుంచి గుట్టుగా సాయం చేయవచ్చు.

ఇవన్నీ జరిగేదాకా ఆగనక్కరలేనిది ఒకటుంది. ఈ రోజు జుమా నమాజు చేసి ఇంటికి వెళ్లాక, దస్తర్‌ఖాన్ మీద అందరూ కూర్చున్నప్పుడు చదువు మాట ఎత్తవద్దు. "ఎలా ఉన్నావు బేటా?" అని అడిగి, బిడ్డ చెప్పడం పూర్తయ్యేదాకా నోరు విప్పకుండా విందాం. తండ్రి దూరదేశంలో ఉంటే ఆ ఫోన్లో అయినా ఇదే ముందు అడగాలి. పరీక్ష ఏటా వస్తుంది. పోతే మళ్లీ రాసుకోవచ్చు. అల్లాహ్ మనకు అమానత్‌గా ఇచ్చిన బిడ్డ ఒక్కటే.