కొవ్వు పొరలో దాగిన శత్రువు

‘ఆపరేషన్ సక్సెస్... కానీ పేషెంటే...’ అంటూ జోకులేసుకుంటాం. మలాశయ క్యాన్సర్ విషయంలో మాత్రం అది జోకు కాదు, సర్జన్లను దశాబ్దాల పాటు వేధించిన చేదు నిజం. గడ్డ మొత్తం తీసేశామనుకునేవారు. కుట్లు మానేవి. రోగి ఇంటికెళ్లేవాడు. ఏడాదో రెండేళ్లో గడిచాక అదే చోట, కటి భాగంలో మళ్లీ క్యాన్సర్! భరించలేని నొప్పి. చాలామందికి రెండో ఆపరేషన్ చేసే వీలు కూడా ఉండేది కాదు.

ఈ లెక్కను తిరగరాసిన బ్రిటిష్ సర్జన్ పేరు రిచర్డ్ జాన్ హీల్డ్. అందరికీ బిల్ హీల్డ్.

57లో 54!

హీల్డ్ గొప్పతనం తెలియాలంటే ముందు లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ గురించి చెప్పుకోవాలి. 1908లో ఆయన తన వైఫల్యాల లెక్కను తానే బయటపెట్టారు. కింది వైపు నుంచి కోసి మలాశయం తీసిన 57 మందిలో 54 మందికి క్యాన్సర్ తిరగబెట్టింది! జబ్బు పైకీ, పక్కలకీ, కిందికీ పాకుతోందని మైల్స్ తేల్చారు. అందుకే పొట్ట వైపు నుంచీ, కింది నుంచీ కోసి, మలద్వారంతో సహా తీసేసే పద్ధతి తెచ్చారు. ఎన్నో ప్రాణాలు నిలబడ్డాయి. కానీ బతికినన్నాళ్లూ పొట్టకు సంచి తప్పేది కాదు.

కిందివైపు పాకడం అరుదేనని తర్వాతి పరిశోధనల్లో తేలింది. దాంతో వీలున్న చోట మలద్వారాన్ని కాపాడి, పేగును తిరిగి అతకడం మొదలైంది. 1970ల్లో స్టేప్లర్లు వచ్చి ఆ పని సులువు చేశాయి. అయినా క్యాన్సర్ తిరిగి రావడం ఆగలేదు. ఎందుకు?

అయిదుగురు చెప్పిన రహస్యం

జవాబు దొరికింది పేరుమోసిన లండన్ ఆసుపత్రిలో కాదు, బేసింగ్‌స్టోక్ అనే మామూలు ఊళ్లో. మలాశయం చుట్టూ కొవ్వు, రక్తనాళాలు, లింఫు గ్రంథులతో నిండిన పొర ఉంటుంది. పేరు మీసోరెక్టమ్. గడ్డ కనిపిస్తున్న చోటికి కొన్ని సెంటీమీటర్ల దిగువన కూడా ఈ కొవ్వులో క్యాన్సర్ కణాల చిన్నచిన్న గుంపులు నక్కి ఉండటాన్ని హీల్డ్ బృందం అయిదుగురిలో గమనించింది. మామూలు ఆపరేషన్లో ఈ పొర చాలావరకు లోపలే మిగిలిపోయేది. శత్రువు అక్కడే దాక్కుంటున్నాడన్నమాట!

హీల్డ్ చేసింది వినడానికి చిన్న మార్పే. అప్పట్లో చాలామంది సర్జన్లు కటిలోకి చెయ్యి పోనిచ్చి, వేళ్లతో మలాశయాన్ని ఊడదీసేవారు. పొర చిరిగేది. ఆయన అలా కాకుండా కంటితో చూస్తూ, పదునైన పరికరంతో కొవ్వు పొరకూ కటి గోడకూ నడుమ ఉన్న సన్నటి సందు వెంబడే వెళ్లారు. బత్తాయి తొనను తొక్క చిట్లకుండా విడదీసినట్టు పొరతో సహా మొత్తం బయటికి! 1982లో ఈ సంగతి ప్రకటించే నాటికి, రెండేళ్లు దాటిన 50 మందిలో ఒక్కరికీ కటిలో క్యాన్సర్ తిరిగి రాలేదు. 1986లో 115 మంది వివరాలతో ‘లాన్సెట్’లో మరో పత్రం వచ్చింది. అయిదేళ్లలో తిరగబెట్టే ముప్పు 3.7 శాతమే.

అదే ఏడాది లీడ్స్‌లో పాథాలజిస్టు ఫిల్ క్విర్క్ బృందం 52 మంది నుంచి తీసిన భాగాలను అడ్డంగా కోసి పరీక్షించింది. 14 మందిలో పక్క అంచు దాకా క్యాన్సర్ ఉంది. వాళ్లలో ఎక్కువమందికి అది తిరగబెట్టింది కూడా. లోపం జబ్బులోనే కాదు, కోసే తీరులోనూ ఉందని రుజువైంది.

ఊరూరా పాఠాలు

ఇంత మంచి ఫలితాలంటే అనుమానాలూ వస్తాయి. ‘ఆయన చేతివాటం అలాంటిది, అందరికీ సాధ్యమా?’ అన్నారు. హీల్డ్ వాదనకు దిగలేదు, పాఠాలకు దిగారు. దేశదేశాలు తిరిగి సర్జన్ల ఎదుటే ఆపరేషన్లు చేసి చూపించారు. ఫలితం స్టాక్‌హోంలో కనిపించింది. అక్కడ సర్జన్లకు శిక్షణ ఇచ్చాక, 14-15 శాతంగా ఉన్న తిరగబెట్టే రేటు రెండేళ్ల లెక్కల్లో 6 శాతానికి దిగింది. మలద్వారం తొలగించాల్సిన ఆపరేషన్లు సగానికి సగం తగ్గాయి. నెదర్లాండ్స్‌లో 1,861 మందిపై జరిగిన పరిశోధన ఇంకో అడుగు ముందుకేసింది. ఇదే ఆపరేషన్‌కు ముందు కొద్దిరోజులు రేడియేషన్ ఇస్తే రెండేళ్లలో తిరగబెట్టేది 2.4 శాతం, ఇవ్వకపోతే 8.2 శాతం అని 2001లో తేలింది.

విశేషమేమిటంటే, కత్తితో ఇంత పేరు తెచ్చుకున్న మనిషే తర్వాత కత్తి పక్కన పెట్టే ఆలోచననూ సమర్థించారు. రేడియేషన్, కీమోలతో గడ్డ పూర్తిగా మాయమైన కొందరిని కోయకుండా, క్రమం తప్పని పరీక్షలతో కనిపెట్టుకుని ఉండే పద్ధతి అది.

ఎంత మంచి సర్జనైనా రోగి సకాలంలో వస్తేనే ఏదైనా చేయగలిగేది. మలంలో రక్తం పడితే ‘మొలలేలే’ అని సరిపెట్టుకుని, నెలల తరబడి నాటుమందు వాడేవారు మనలో తక్కువేం కాదు. రక్తం పడుతున్నా, విరేచనం తీరు వారాల తరబడి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా సిగ్గుపడకుండా డాక్టరును కలవాలి. వేలితో చేసే పరీక్షకు పట్టేది రెండు నిమిషాలే. అవసరమైతే కొలనోస్కోపీ చేస్తారు. మొలలే అయితే మంచిదే!