పాట మనది, బొమ్మ ఎవరిది?

ఏప్రిల్ 14 దగ్గర పడే కొద్దీ మన పల్లెల్లో ఒక కొత్త పంచాయితీ మొదలవుతోంది. ఇదివరకు జయంతికి మైకు ఎవరు తేవాలి, మొదటి దండ ఎవరు వేయాలి అని తగాదా పడేవాళ్ళం. ఇప్పుడు పాటకు వీడియో ఎక్కడ తీయాలన్నది తగాదా. కుర్రాళ్ళు సొంతంగా పాట రాసుకుంటున్నారు, సెల్‌ఫోనుతోనే తీసి యూట్యూబ్‌లో పెడుతున్నారు. సంతోషమే. ఒకప్పుడు నాలుగు పాటల క్యాసెట్ వేయించాలంటే ఊరూరా చందాలెత్తాల్సి వచ్చేది.

ఒకడేమో డ్రోను కెమెరా అద్దెకు తెచ్చి సముద్రం ఒడ్డున తీద్దామంటాడు. తెల్ల చొక్కాలు, నల్ల కళ్ళజోళ్ళు, వెనకాల ఒక కారు. ఇంకొకడు కాదురా, మన పల్లెలోనే తీయాలి, రేకుల ఇళ్ళ మధ్య, మురిక్కాలవ పక్కనే తీయాలి అంటాడు. మధ్యలో పెద్దాయన లేచి "మన దరిద్రం లోకానికి చూపించుకుని ఏం బావుకుంటార్రా" అని కసురుతాడు. ముగ్గురి మాటలోనూ ఎంతోకొంత నిజం ఉంది. అందుకే ఈసారి సంపాదకీయం పాట మీద కాదు, పాటకు తీసే బొమ్మ మీద. బొమ్మ పాటకు న్యాయం చేసిందా లేదా అని తేల్చేదెట్లా?

సినిమా పాటల సంగతి ఇక్కడ వద్దు. అక్కడ కూలోడి పాటకు కూడా విదేశీ కొండలు కావాలి. వాళ్ళ లెక్క వేరు, వాళ్ళ డబ్బు వేరు.

ఒక అమెరికా పాట తీసుకుందాం. మనకెందుకయ్యా అమెరికా అంటారేమో. బాబాసాహెబ్ 1946లోనే అక్కడి నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, మీ సమస్యకూ మా సమస్యకూ ఎంతో పోలిక ఉందన్నాడు. 1972లో బొంబాయి కుర్రాళ్ళు తమ సంఘానికి దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకుంది కూడా అక్కడి బ్లాక్ పాంథర్లను చూసే. కాబట్టి ఆ ఇంటి సంగతి మనకు పరాయిది కాదు.

ఆ పాట మైకేల్ జాక్సన్‌ది. పేరు 'దే డోంట్ కేర్ అబౌట్ అస్'. అంటే వాళ్ళకు మన గురించి పట్టింపే లేదు అని. 1995లో వచ్చిన 'హిస్టరీ' ఆల్బంలోది. ముందే ఒక మాట చెప్పాలి. మేమిక్కడ మనిషికి దండ వేయడం లేదు. ఆయన కోట్లకు పడగెత్తిన వాడు. పిల్లల విషయంలో ఆయన మీద గట్టి ఆరోపణలు వచ్చాయి, 2005లో కోర్టు నిర్దోషి అని వదిలింది, ఆయన 2009లో చనిపోయాక కూడా ఆ మాటలు ఆగలేదు. పాటలో కూడా తప్పుంది. మొదట విడుదలైనప్పుడు యూదులను కించపరిచే మాటలున్నాయని గొడవ జరిగింది, ఆయన క్షమాపణ చెప్పి ఆ మాటలు మార్చాడు. బాధ పడేవాడి పాటలో ఇంకో బాధితుణ్ణి తిట్టే మాట దొర్లిందంటే మన పాటలు రాసేవాళ్ళు కూడా ఒకసారి తమ కాగితం తిరగేసుకోవాలి. మన పాటల్లో ఆడవాళ్ళ మీద దొర్లే మాటలు తక్కువా?

ఈ పాటనే ఎందుకు ఎంచుకున్నామంటే, దీనికి 1996లో రెండు వీడియోలు తీశారు. రెండూ తీసింది ఒకరే, నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ. ఒకే పాట, ఒకే గాయకుడు, ఒకే దర్శకుడు, రెండు బొమ్మలు. తూకం వేయడానికి ఇంతకన్నా మంచి కాటా దొరకదు.

ఒక బొమ్మ జైలులో తీసింది. జాక్సన్ చేతులకు బేడీలుంటాయి. భోజనాల గదిలో ఖైదీలు బల్లల మీద దరువేస్తుంటారు. మధ్యమధ్యలో నిజంగా జరిగిన దారుణాల దృశ్యాలు వస్తాయి. అందులో రాడ్నీ కింగ్‌ను పోలీసులు కొట్టిన దృశ్యం ఒకటి. 1991 మార్చి 3న లాస్ ఏంజెలిస్‌లో ఆ నల్ల మనిషిని రోడ్డు మీద పడేసి లాఠీలతో చితకబాదుతుంటే, ఎదుటి ఇంటి బాల్కనీ నుంచి ఒకాయన వీడియో తీశాడు. లోకమంతా చూసింది. అయినా 1992 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర కోర్టులో జ్యూరీ పోలీసులకు శిక్ష వేయలేదు, ఊరు భగ్గుమంది. చుండూరు కేసులో 2014లో హైకోర్టు ముద్దాయిలందరినీ వదిలేసిన రోజు మనకెట్లా ఉందో గుర్తున్నవాళ్ళకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

రెండో బొమ్మ బ్రెజిల్ దేశంలో తీసింది. కొంత రియో నగరంలో డోనా మార్తా అనే కొండవాలు మురికివాడలో. కొంత సాల్వడార్ నగరంలో, పెలోరిన్యో అనే పాత పేటలో. ఇందులో చావులు లేవు, లాఠీ దెబ్బలు లేవు. ఇరుకు సందులు, మేడల మీంచి చూస్తున్న జనం, పిల్లలు, ఆపైన డప్పులు. ఒకటీ రెండూ కాదు, వీధి నిండా డప్పులు.

చాలామంది ఏమంటారంటే, జైలు బొమ్మే పాటకు న్యాయం చేసింది, పాటలో ఉన్న కోపమంతా అందులో ఉంది, బ్రెజిల్‌ది పండగలాగా ఉందీ అని. పైపైన చూస్తే నిజమే. పాటలో "వాళ్ళు" అంటే ఎవరో జైలు బొమ్మ వేలు పెట్టి చూపించింది. అది చిన్న పని కాదు. మన పాటల్లో సగం "దుర్మార్గులారా" అని గాలిలోకి తిట్టి ఊరుకుంటాయి. ఆ దుర్మార్గుడు ఏ ఊళ్ళో ఉన్నాడో, ఏ కుర్చీలో ఉన్నాడో చెప్పవు.

మా తూకంలో మాత్రం బ్రెజిల్ బొమ్మే బరువుగా తేలింది. ఎందుకంటారా? పెలోరిన్యో అంటే అర్థం తెలుసా? కొరడా దెబ్బలు కొట్టడానికి బానిసలను కట్టేసే స్తంభం. ఊరి మధ్యలో ఆ స్తంభం ఉండేది కాబట్టి ఆ పేటకే ఆ పేరు పడింది. ఆఫ్రికా నుంచి 40 లక్షలకు పైగా మనుషులను ఓడల్లో పశువుల్లాగా తెచ్చి ఆ దేశంలో దించారు. అమెరికా ఖండాలు రెండింటిలోనూ బానిసత్వాన్ని అందరికన్నా ఆఖరున, 1888లో, రద్దు చేసింది బ్రెజిలే. రద్దయ్యాక కూడా వాళ్ళ దేవుళ్ళ కొలుపుల మీద, ఆ డప్పుల మీద పోలీసు నిఘా పోలేదు. సాల్వడార్ ఉన్న బహియా రాష్ట్రంలో 1976 దాకా ఆ కొలుపు చేసుకోవాలంటే పోలీసుల దగ్గర పర్మిషన్ తీసుకోవాలి. మూడేళ్ళకు, 1979లో, అదే పెలోరిన్యోలో ఓలోడుం అనే డప్పు దళం పుట్టింది. నల్లజాతి కుర్రాళ్ళు పెట్టుకున్నది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు రంగుల డప్పులు వాళ్ళ గుర్తు.

వీడియోలో జాక్సన్ ఆ దళం పేరున్న బనీను వేసుకుని వాళ్ళ మధ్యకు వస్తాడు. ఒళ్ళంతా ఊగుతూ సుమారు 200 మంది వాయిస్తుంటారు. కొరడా దెబ్బలు పడిన చోటే డప్పు మీద దెబ్బ పడుతోంది. అసలు ఆల్బంలో ఉన్న పాటలో ఈ డప్పులు లేవు. వీడియో కోసం వచ్చి పాటలో చేరాయి. అంటే బొమ్మ పాటను చూపించి ఊరుకోలేదు, పాటలో లేనిదాన్ని దానికి ఇచ్చింది. జైలు బొమ్మలో మనవాడి శరీరం దెబ్బలు తింటుంది. బ్రెజిల్ బొమ్మలో మనవాడి చెయ్యి పని చేస్తుంది. పాట అడిగేది జాలి కాదు గదా, లెక్క. లెక్క అడిగేవాడి చెయ్యి ఎట్లా ఉంటుందో మాకు రెండో బొమ్మలోనే కనబడింది.

చావుకు కొట్టు, టముకు వెయ్యి, జాతరకు రా, ఎంగిలి కూడు పట్టుకుపో అని మన మాదిగల చేత వెట్టిగా కొట్టించిన డప్పే కారంచేడు తర్వాత మన సభల్లో ముందు నడిచింది. ఆ మార్పు కళ్ళారా చూసినోళ్ళకు ఓలోడుం డప్పు వింటే ఒళ్ళు జలదరించకుండా ఉంటుందా?

ఇంకో దృశ్యం చెప్పాలి. సాల్వడార్ వీధిలో ఒకామె పోలీసుల వరస దాటుకుని పరుగున వచ్చి జాక్సన్‌ను వాటేసుకుంటుంది. వెనక నుంచి ఇంకొకామె వచ్చి పట్టుకుంటే ఆయన కింద పడిపోతాడు, పోలీసులు ఆమెను లాగేస్తారు. దర్శకుడు దాన్ని కత్తిరించలేదు, బొమ్మలోనే ఉంచేశాడు. "వాళ్ళు" ఎవరో బ్రెజిల్ బొమ్మ చెప్పలేదన్నవాళ్ళు ఆ లాగే చేతులను ఇంకోసారి చూడండి.

ఇక మురికివాడ సంగతి. డోనా మార్తాలో షూటింగ్ అనగానే రియో రాష్ట్ర ప్రభుత్వ పెద్దలకు పరువు గుర్తొచ్చింది. 2004 ఒలింపిక్స్ మా ఊళ్ళో పెట్టండని అడుగుతున్న రోజులవి. ఈ పేదరికం లోకానికి చూపిస్తే టూరిస్టులు రారు, ఆటలు రావు అని గోల చేశారు. ఒక జడ్జి షూటింగ్ ఆపమన్నాడు, పైన ఆ ఉత్తర్వు కొట్టేశారు. వాడ జనం మాత్రం రమ్మన్నారు, వాకిళ్ళలోకి వచ్చి నిలబడ్డారు.

ఇక్కడే మన పెద్దాయన మాట దగ్గరకు రావాలి. ఆయనా దరిద్రం చూపించొద్దన్నాడు, రియో అధికారీ చూపించొద్దన్నాడు. రెండూ ఒకటేనా? కాదు. అధికారికి సిగ్గు తన వ్యాపారం కోసం. వాడను బాగు చేయడు, వాడకు తెర కడతాడు. 2020 ఫిబ్రవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ వస్తున్నాడని అహ్మదాబాద్‌లో రోడ్డు పక్క మురికివాడకు అడ్డంగా గోడ కట్టారు, అది ఆ జాతి సిగ్గే. మన పెద్దాయన సిగ్గు వేరు. ఇన్నాళ్ళూ ఎవరు కెమెరా పట్టుకొచ్చినా మనల్ని చెయ్యి చాచినట్టే తీశారు. తుఫానొస్తే తీశారు, శవం లేస్తే తీశారు. అందుకే ఆయనకు కెమెరా అంటేనే ఒళ్ళు మంట. ఆ మంటను కుర్రాళ్ళు గౌరవించాలి. గౌరవించడమంటే సముద్రం ఒడ్డుకు పారిపోవడం కాదు. పల్లెలోనే తీయండి, నిటారుగా నిలబడ్డ మనుషులను తీయండి. బాబాసాహెబ్ కోటు వేసుకున్నది ఇందుకే గదా. తెల్ల చొక్కా, కళ్ళజోడు తప్పు కాదు, అవి మురిక్కాలవ పక్కన నిలబడటానికి సిగ్గుపడితేనే తప్పు.

బ్రెజిల్ బొమ్మకు మచ్చ లేదని కాదు. పెలోరిన్యో వీడియోలో రంగులేసి తళతళలాడుతూ కనబడుతుంది. ఆ రంగులు వేయడానికి ముందు, 1990ల మొదట్లో, టూరిజం కోసమని అక్కడి పేద నల్లజాతి కుటుంబాలు ఎన్నింటినో కొద్దిపాటి పరిహారం చేతిలో పెట్టి ఖాళీ చేయించారు. ఆ సంగతి బొమ్మలో ఎక్కడా లేదు. డోనా మార్తాలో 2010లో జాక్సన్‌కు విగ్రహం పెట్టారు, ఇప్పుడు ఆ వాడకు టూరిస్టులు వస్తారు. ఒకప్పుడు దాచాలనుకున్న చోటే బేరానికి పనికొచ్చింది! 2016లో ఒలింపిక్స్ కూడా రియోలోనే జరిగాయి. మురికివాడ కనిపిస్తే ఆటలు రావన్నది ఏమైనట్టు?

ఇప్పుడు మన పక్కింటికి వద్దాం. 2021 మార్చిలో తమిళంలో 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. మన కుర్రాళ్ళ ఫోన్లలో అది మోగని పల్లె లేదు. రాసింది అరివు, దళిత కవి, గాయకుడు. పాడింది ఆయనా, ధీ అనే అమ్మాయీ. సంగీతం సంతోష్ నారాయణన్. సిలోన్ తేయాకు తోటలకు కూలీలుగా పోయి, ఎస్టేటును పచ్చగా చేసి, చివరికి సెంటు భూమి లేకుండా తిరిగొచ్చిన మన తాతమ్మల కథ అది. అరివు తన అవ్వ వల్లియమ్మాళ్‌ను తలచుకుని కట్టుకున్న పాట. వీడియో చూస్తే రంగుల బట్టలు, చెట్లు, గంతులు కంటికి ఇంపుగా ఉంటాయి. భూమి లేని కూలి బాధ ఎక్కడో ఆ రంగుల కింద పడిపోయింది. మాట తెలియనివాడు చూస్తే పెళ్ళిపాట అనుకుంటాడు.

అయినా ఆ పాటకు పెద్ద అన్యాయం వీడియోలో జరగలేదు, వీడియో బయట జరిగింది. అదే ఏడు ఆగస్టులో రోలింగ్ స్టోన్ పత్రిక భారతదేశ సంచిక ముఖచిత్రం మీద ధీ బొమ్మ వేసింది, పక్కన ఇంకో గాయకుడి బొమ్మ వేసింది. అరివు లేడు. దర్శకుడు పా. రంజిత్ బాహాటంగా నిలదీశాక అరివుతో వేరే ముఖచిత్రం తెచ్చారు. 2022 జులైలో చెన్నైలో చెస్ ఒలింపియాడ్ ప్రారంభ సభలో ప్రధానమంత్రి ముందు ఆ పాట పాడినప్పుడూ వేదిక మీద అరివు లేడు. 2024లో సంతోష్ నారాయణన్ ఆ పాట వల్ల తమకెవరికీ ఒక్క పైసా రాలేదని బహిరంగంగా చెప్పాడు. కోట్లమంది చూసిన పాట అది. భూమి లేనోళ్ళ పాటకు హక్కు కాగితం కూడా లేకుండా పోయిందన్న మాట!

కాబట్టి బొమ్మ పాటకు న్యాయం చేసిందా అని అడిగేటప్పుడు కెమెరా పనితనం, డ్రోను ఎత్తు తర్వాత చూద్దాం. పాటలో ఉన్న మనిషి బొమ్మలో ఏ పని చేస్తున్నాడు? తెర మీద పేర్లు పడేటప్పుడు ఎవరి పేరు పడింది? డబ్బొస్తే ఎవరి చేతికి పోయింది? పోయినేడు మన కుర్రాళ్ళు పెట్టిన జయంతి వీడియోలు పన్నెండు చూశాం. పదింటిలో డప్పులున్నాయి. డప్పు కొట్టినవాళ్ళ పేర్లు రెండింటిలోనే ఉన్నాయి. ఎడిటింగ్ చేసినవాడి పేరు, లైట్లు పెట్టినవాడి పేరు, టీ కాఫీలు ఇప్పించిన నాయకుడి పేరు మాత్రం పెద్దక్షరాల్లో పడ్డాయి. ఆడవాళ్ళు కనిపించేది రెండు క్షణాలు, అదీ నీళ్ళ బిందెతో. నాట్లేసేటప్పుడు పాట కట్టేది వాళ్ళే గదా, బొమ్మలో గొంతు ఎందుకు లేదు?

ఈ ఏడు పాట తీసే సంఘాలకు మా మాట ఒకటే. కెమెరా బయటకు తీయకముందే రాసినవాడు, పాడినవాడు, డప్పు కొట్టినవాడు, వీళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసి అందరి చేతా సంతకాలు పెట్టించండి. డప్పు దళానికి కూలి ముందే ఇవ్వండి, మనోడే గదా అని వెట్టి చేయించొద్దు. పల్లె పెద్దలను పిలిచి ఏం తీయబోతున్నారో చెప్పండి, వాళ్ళు వద్దన్న చోట ఎందుకు వద్దన్నారో వినండి. జయంతి అయ్యాక వీడియో గురించి మాకు రాయండి, వచ్చే నెల సంచికలో వేస్తాం. డప్పు కొట్టినవాళ్ళ పేర్లు లేకుండా వచ్చిన ఉత్తరాన్ని మాత్రం తిప్పి పంపుతాం.