గుండెలోని మచ్చను చూపే వెలుగు

కోతల్లో కొడవలి తగిలి వేలు తెగితే కొన్నాళ్ళకు గాయం మానుతుంది, మచ్చ మిగులుతుంది. గుండెపోటు వచ్చి బ్రతికి బయటపడినవారి గుండెలోనూ అటువంటి మచ్చే మిగులుతుంది.

గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోతే సుమారు అరగంటలోనే ఆ భాగంలోని కండ చనిపోవడం మొదలవుతుంది. గంటలు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది. కొన్ని వారాలలో ఆ చోట కొలాజెన్ అనే గట్టి పీచు పదార్థం ఏర్పడుతుంది. అది అతుకులా గుండెను కాపాడుతుంది గాని, కండలా ముడుచుకొని రక్తాన్ని తోయలేదు. మచ్చ పెద్దదైతే గుండె బలం తగ్గి ఆయాసం, కాళ్ళవాపు వస్తాయి.

ఈ మచ్చను శాస్త్రజ్ఞులు ఎలా చూస్తారు? మామూలు వెలుగు అన్ని దిక్కులకూ కంపిస్తూ వస్తుంది. పోలరాయిడ్ పలక ఊచల కిటికీ వంటిది. నిలువు ఊచల మధ్య కర్రను నిలువుగా పట్టుకుంటేనే బయటికి పోతుంది. అలాగే ఆ పలక ఒకే దిక్కుగా కంపించే వెలుగును పోనిస్తుంది. దానికెదురుగా రెండవ పలకను అడ్డంగా త్రిప్పి పెడితే అంతా చీకటే. ఆ రెండింటి నడుమ గుండెనుండి కోసిన పలుచని పొరను ఉంచి సూక్ష్మదర్శినితో చూస్తే, వరుసగా పేర్చినట్లుండే కొలాజెన్ పోగులు వెలుగు దిక్కును మార్చి చీకటిలో మెరుస్తాయి.

సిరియస్ రెడ్ అనే ఎర్రరంగు పట్టిస్తే ఈ మెరుపు ఎంతో పెరుగుతుందని 1979లో బ్రెజిల్ దేశపు శాస్త్రజ్ఞుడు జుంకేరా, ఆయన సహచరులు చూపారు. లావు పోగులు పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లోను, సన్ననివి ఆకుపచ్చగాను కనబడతాయి. కొత్త మందు మచ్చను తగ్గిస్తుందా అని ఎలుకలలో పరీక్షించేటప్పుడు ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

ఇది ఆసుపత్రిలో రోగికి చేసే పరీక్ష కాదు. వారికి ఇ.సి.జి., ఎకో వంటివి ఉన్నాయి. అయినా ఈ వెలుగు మనకు చెప్పే మాట ఒకటుంది: చనిపోయిన గుండె కండ తిరిగి పెరగడం దాదాపు లేనట్లే. కాబట్టి ఛాతీ బరువుగా పట్టేసి, నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకి, చెమటలు పడితే, గ్యాస్ అనుకొని సోడా త్రాగి పడుకోవద్దు. స్త్రీలలో, షుగరు వ్యాధి ఉన్నవారిలో ఒక్కోసారి నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండవచ్చు. తెల్లవారాక చూద్దామనకుండా వెంటనే 108కి ఫోను చేయండి. ఉన్న కండను దక్కించేది ఆ తొందరే. ఈ సంగతి చదువురాని పెద్దలకు కూడా చదివి వినిపించండి.