అరెస్టయినవాడు మనవాడే. ఆ పిల్లవాడో?



పోయిన వారం ఇక్కడ షోలాపూర్‌లో మన సభ్యుడొకరిని పోలీసులు పట్టుకెళ్లారు. ఆయన టవళ్ల కార్ఖానాలో పన్నెండేళ్ల పిల్లవాడి చెయ్యి మరమగ్గం బెల్టులో ఇరుక్కుంది. ఆ రాత్రి మన గ్రూపు నిండా మెసేజీలే. "కార్పొరేటర్‌కి ఫోన్ చెయ్యండి", "తల్లిదండ్రులకి ఎంతో కొంత ఇచ్చి కేసు వాపసు తీయించండి" అని. పిల్లవాడు ఎలా ఉన్నాడని అడిగింది ఇద్దరే. వాడిదీ మనలాగే తాతల నాడు మగ్గం పని కోసం ఇక్కడికొచ్చిన ఇల్లే కదా!

"చిన్నప్పుడు మనమూ కండెలు చుట్టాం, ఏమైంది?" అని కొందరు పెద్దలు అడిగారు. చుట్టాం, నిజమే. అందుకే మనలో చాలామంది చదువు ఏడో తరగతితో ఆగింది.

చట్టం ఏమంటుందో తెలుసుకుందాం. 1986 బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్లు నిండని పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. సొంత కుటుంబం పనిలో సాయం చేయొచ్చు గానీ, అది బడి అయ్యాక, సెలవుల్లో మాత్రమే. ప్రమాదకరమైన పని కాకూడదు. "మా ఊరివాడే, మా కులంవాడే" అంటే కుటుంబం అయిపోదు. శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు, లేదా 20,000 నుంచి 50,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తన చేతిలో ఉన్న బిడ్డను బాధపెట్టినా, పట్టించుకోక వదిలేసినా, 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు పడొచ్చు.

అరెస్టయిన మనిషికీ హక్కులున్నాయి. ఇంటివాళ్లకు కబురు చేయాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం పోగా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అరెస్టు కారణాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పింది. మరాఠీ చదవలేని మన పెద్దవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టొద్దు. వకీలుకి డబ్బు లేకపోతే 15100కి ఫోన్ చేయండి. కస్టడీలో ఉన్నవారికి ఉచిత న్యాయసాయం హక్కు.

కాబట్టి సంఘం చేయాల్సింది మూడు పనులు. ముందు ఆసుపత్రికి వెళ్లి పిల్లవాడి వైద్యం, బడి సంగతి చూడాలి. తర్వాత అరెస్టయిన ఆయనకు వకీలును చూపించాలి. మూడోది, పిల్లవాడి తల్లిదండ్రుల గడపకు రాజీ కోసం ఎవరూ వెళ్లకూడదు. మన పంచాయితీతో తెగే కేసు కాదిది. గ్రూపులో వాడి ఫోటో పెట్టినవాళ్లు ఇప్పుడే తీసేయండి. బాధిత పిల్లల ఆనవాలు బయటపెట్టడం కూడా నేరమే.

వచ్చే ఆదివారం మీటింగులో కార్ఖానాలున్న సభ్యులు ఒక్క మాట చెప్పాలి: మీ దగ్గర ఇంకా ఎంతమంది పిల్లలున్నారు? బయట ఎక్కడైనా కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. మనవాణ్ణి కాపాడుకోవడం తప్పు కాదు, కానీ ఆ వరస చిన్నవాడి నుంచి మొదలవ్వాలి.