పరిశోధకుడా, పరిశోధన వస్తువా?

వికలాంగుణ్ణి గూర్చి పరిశోధించడానికి మన విజ్ఞానశాలలు ఎన్నడూ వెనుదీయలేదు. వికలాంగుడే పరిశోధకుడై వస్తానంటేనే వాటికి చిక్కు.

ఆనాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటివల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల సంగతి 1937లోనే వైద్య పత్రికల కెక్కింది. తరువాత నల్లగొండ పల్లెల వంతు వచ్చింది. వంగిన వెన్నులకు ఎక్స్‌రేలు తీశారు, నీటిని పరీక్షించారు. అవసరమైన పనే, కాదనడం లేదు. కాని ఏ ప్రశ్న ముందు అడగాలో నిర్ణయించే చోట ఆ వంగిన వెన్నుకు కుర్చీ వేసిన వారెందరు?

"రోగి తన రోగాన్ని తటస్థంగా చూడలేడు" అని కొందరు పెద్దలు సెలవిస్తారు. మంచిది. మరి మేడమెట్లు గబగబా ఎక్కగలవాడు మెట్లను తటస్థంగా చూడగలడా? అవి అడ్డమన్న సంగతే అతనికి తట్టదు. అనుభవం లేకపోవడం తటస్థత కాదు, అదీ ఒక పక్షమే.

"ప్రమాణాలు పడిపోతాయి" అన్నది రెండో వాదం. హెలెన్ టాసిగ్‌కు చెవుడు వచ్చింది. పసిపిల్లల గుండె తీరును ఆమె చేతివేళ్లతో తెలుసుకున్నది. నీలి శిశువులను బతికించిన 1944 నాటి శస్త్రచికిత్స ఆమె ఆలోచన నుంచే పుట్టింది. పోలియో సోకి చక్రాల కుర్చీలో తిరిగే సురేష్ అద్వానీ 1983లో బొంబాయి టాటా ఆస్పత్రిలో ఎముక మూలుగ మార్పిడి జయప్రదంగా చేసి, మన దేశంలో దానికి నాంది పలికాడు. ఏ ప్రమాణం పడిపోయింది?

అయినా "రెండు చేతులూ సవ్యంగా ఉండాలి" అన్న నిబంధన వైద్యవిద్య గుమ్మంలో కాపలా కాసింది. 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమన్న చట్టం 2016లోనే వచ్చింది. ఆ నిబంధన చట్టవిరుద్ధమని 2025లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది!

గుమ్మం దాటితే మాత్రం? అందని ప్రయోగశాల బల్లలు, అంధులకు చదివి వినిపించే యంత్రానికి కొరుకుడుపడని బొమ్మల కాగితాలు, ఆస్పత్రిలో గడిచిన నెలలను మినహాయించని ఫెలోషిప్ గడువులు. యివి ప్రకృతి విధించినవి కావు, బడ్జెట్లు రాసినవాళ్లు విధించినవి. "దివ్యాంగులు" అని బిరుదిచ్చి ర్యాంపు కట్టని ఔదార్యం ఎవరికి కావాలి?

కావలసినవి మూడు. సహాయకునికీ, సంజ్ఞాభాష దుబాసికీ, పరికరాలకూ అయ్యే ఖర్చు పరిశోధన నిధిలోనే ఉండాలి. గడువు పొడిగింపు దయగా కాక హక్కుగా దొరకాలి. పరిశోధనలను ఆమోదించే సంఘాల్లో వికలాంగులకు ఓటుండాలి.

విద్యార్థులారా, ఉపాధ్యాయులారా! మీ విభాగంలో వైకల్యం మీద వచ్చే ప్రతి ప్రతిపాదనలోనూ యీ మూడూ ఉన్నాయా అని అడగండి. లేకపోతే సంతకం పెట్టకండి.