విధవరాలి పెట్ట, పండుగ పుంజు



పాస్టరుగారు వీధి మలుపు తిరిగితే కోళ్లు గోడ దూకుతాయని మా సంఘపు పిల్లలు నన్ను చూసి నవ్వుతారు. నేనూ నవ్వేవాడిని. ఈ నెల ఆ కోళ్లను గురించే వ్రాయాలని కూర్చున్నాను. వాక్యధ్యానము కొరకు ఈ పేజీ తెరిచినవారు క్షమించాలి. ఇంటి సంగతులు వ్రాయమనే కదా నాకు ఈ శీర్షిక అప్పగించారు!

మాది కొత్తచెరువు. ఒకప్పుడు అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా పేరు మారింది గాని వాన మారలేదు. ఏడాది మొత్తములో సుమారు 550 మిల్లీమీటర్లు పడితే అదే మాకు సరియైన ఏడు. చెనక్కాయ చేతికొస్తే క్రిస్మస్‌కు కొత్త బట్టలు. రాకపోతే మగవారు బెంగుళూరు కూలిపనికి పోతారు, ఇంట్లో ముసలివారు, పిల్లలు, నాలుగు కోళ్లు మిగులుతాయి. పొలము ఎండినా ఆ నాలుగు కోళ్లు ఎండవు. నాటు పెట్ట ఏడాదికి యాభై, అరవై గ్రుడ్లకు మించి పెట్టదు. అయినా ఆ గ్రుడ్లే పలకకు, బలపానికి, మాత్రలకు, ఆదివారపు కానుకకు.

మా సంఘములో ఒక పెద్దామె ఉంది. పేరు వ్రాయను. భర్త ప్రభువునందు నిద్రించి చాలా ఏండ్లయింది. కుమారుడు, కోడలు బెంగుళూరులో ఉంటారు. మనుమడిని ఈమె సాకుతోంది. రెండేండ్ల క్రిందట వేసవిలో ఆమె పెరట్లో పదకొండు కోళ్లుండేవి. ఒక సోమవారము రెండు కోళ్లు రెక్కలు వాల్చి మూలన కూర్చున్నాయి. పచ్చగా, తెల్లగా పారుకున్నాయి. నోరు తెరిచి ఎగశ్వాస పెట్టాయి. ఒకదానికి మెడ వెనక్కి మెలికపడింది. శనివారానికి పది పోయాయి. ఒక్క పెట్ట మిగిలింది.

సంగతి విని నెల తరువాత ఓదార్చుటకు వెళ్లాను. ప్రార్థన చేసి లేవబోతే కూర్చోబెట్టింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు వడ్డించింది. నేను తృప్తిగా తిన్నాను, మరికొంచెము పులుసు కూడా అడిగి పోయించుకున్నాను. వాకిట్లో చెప్పులు తొడుక్కుంటుంటే మనుమడు నా చెయ్యి పట్టుకొని, "అయ్యగారూ, మా పెట్ట బాగుండిందా?" అన్నాడు.

1 రాజులు 17వ అధ్యాయము మీద, సారెపతు విధవరాలిని గురించి, నేను ఎన్నిసార్లు ప్రసంగించానో లెక్క లేదు. ప్రతిసారీ ప్రవక్త ప్రక్కన నిలబడే ప్రసంగించాను. ఏలీయా భోజనము చేసిన ఇంట్లో తొట్టిలో పిండి నిలిచింది. నేను భోజనము చేసిన ఇంట్లో మరునాటి నుండి గ్రుడ్డు లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పెట్టవద్దని చెప్పియుంటే ఆమె నొచ్చుకొనేదే. పెద్దలను ఒట్టిచేతులతో పంపని మర్యాద మన ఇండ్లలో ఉన్నది, అది మంచిదే. అయినా ఏ కోడిని కోస్తున్నారని ఒక్క మాట అడుగవలసింది నేను.

అంతకంటె పెద్ద తప్పు మరొకటి. ఆ తెగులు నాకు తెలియనిది కాదు. మన పల్లెల్లో కొక్కెర రోగమంటారు. డాక్టర్లు రాణీఖేత్ అంటారు. కుమావూ కొండల్లోని రాణీఖేత్ ఊరిలో 1920లలో మన దేశములో దీనిని గుర్తించారు గనుక ఆ పేరు వచ్చింది. అదే కాలములో ఇంగ్లాండులోని న్యూకాసిల్ దగ్గర కూడా కనబడింది గనుక ప్రపంచమంతా దానిని న్యూకాసిల్ జబ్బు అంటారు. వచ్చిన తరువాత దీనికి మందు లేదు. రాకముందు టీకా ఉన్నది. పిల్లలకు మొదటి వారములో కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క లసోటా మందు వేస్తారు. ఎనిమిదవ వారములో రెక్క క్రింద అర మిల్లీలీటరు ఆర్‌టుబి సూది వేస్తారు. ఇదంతా నాకు తెలుసు. ప్రకటనల సమయములో కల్యాణములు, కూడికలు, చందాలు అన్నీ చదివాను గాని దీనిని మాత్రము చదువలేదు.

టీకా ఎందుకు వేయించరంటే సోమరితనము వలన కాదు. ఆ సీసాలో నూరో ఇన్నూరో కోళ్లకు సరిపడే మందు ఉంటుంది. మంచులో పెట్టి తేవాలి. నీళ్లు కలిపిన తరువాత రెండు గంటలలోపే వాడెయ్యాలి. నాలుగు కోళ్ల ఇంటివారు దానిని తెచ్చి ఏమి చేసుకుంటారు? వీధి వీధంతా కలిస్తేనే సీసా చెల్లుతుంది. అందుచేత మరుసటి ఏడు ఎండలు ముదరకముందే మేము ఒక దినము పెట్టుకున్నాము. ముందు వారము నట్టల మందు పోయించాము. ఆ దినము తెల్లవారక ముందు, కోళ్లను గంపల నుండి వదలకముందే, ఎవరి గంప వారు ఎత్తుకొని మందిరము ముందుకు రమ్మన్నాము. జబ్బుగా ఉన్న కోడిని తేవద్దన్నాము. సంఘములోని కోళ్లు నలభై కూడా కాలేదు. వీధిలోని హిందువులు, మసీదు సందువారు తెస్తే నూట పన్నెండు అయ్యాయి. పశువైద్యశాల నుండి వచ్చినవారు గంటన్నరలో ముగించారు. స్త్రీల సమాజమువారు టీ కాచారు. అందరూ త్రాగారా అని అడుగకండి. ఇద్దరు త్రాగలేదు. కోళ్లకు మాత్రము సూది వేయించుకొని పోయారు.

ఈ టీ సంగతి వెనుక పాత కథ ఉన్నది. నా చిన్నతనములో క్రిస్మస్ ఉదయము ఆరాధన కాగానే మా అమ్మ ఓళిగలు, నిప్పట్లు, కజ్జికాయలు పళ్లెములలో సర్ది నన్ను వీధిలోకి పంపేది. సాయిబుల ఇంట్లో పళ్లెము అక్కడే ఖాళీచేసి కడిగి ఇచ్చేవారు. రంజానుకు సేమియా పాయసము ఆ పళ్లెము బాకీ తీర్చేది. మరికొన్ని ఇండ్లకు మాత్రము అమ్మ వండినది పంపేది కాదు. అరడజను గ్రుడ్లు పంపేది. ఎందుకని అడిగితే, "గ్రుడ్డుకు పెంకు ఉంది లే నాయనా" అనేది. ఆ మాట అర్థమగుటకు నాకు పదేండ్లు పట్టింది. ఈనాడు ఆ ఇండ్లలో కొందరు ఉగాదికి మాకు ఓళిగలు పంపి, క్రిస్మస్‌కు మా ఓళిగలు తింటున్నారు. కొందరికి ఇప్పటికీ మా అమ్మ గ్రుడ్లే వెళ్తున్నాయి. పంపడము అమ్మ మానలేదు. నేనైతే ఎప్పుడో మానేవాడిని.

పండుగ పుంజు సంగతి కూడా చెప్పాలి. మా పెద్దవారికి ఒక లెక్క ఉండేది. శ్రమదినములలో మాంసము ముట్టరు గనుక గ్రుడ్లు ఇంట్లో నిలువయ్యేవి. వాటిని ఎండలు ముదరకముందే పొదుగుకు వేసేవారు. పూర్వము ఐరోపా సంఘములో ఆ నలభై దినములు గ్రుడ్లు కూడా నిషేధము. నిలువైన గ్రుడ్లు ఈస్టరు దినమున బల్ల మీదికి వచ్చేవి. ఈస్టరు గ్రుడ్లకు రంగు వేసే ఆచారము అక్కడ ఉండేది. మన పెద్దవారు రంగు వేయలేదు, పెట్ట క్రింద పెట్టారు. ఇరువది యొక్క దినములకు పిల్లలు వస్తాయి. అప్పుడు పగిలిన గ్రుడ్డులోని పుంజు డిసెంబరుకు తొమ్మిది, పది నెలలదై పండుగకు సిద్ధముగా ఉండేది. పెట్టలను కోసేవారు కారు. నాకు పెట్టిన భోజనము ఈ లెక్క తప్పినది.

పొదుగు గంపలో ఇనుపముక్క, బొగ్గు వేస్తే ఉరుములకు గ్రుడ్లు చెడవని మన ఆడవారు చెప్తారు. ఇనుము ఏమి చేస్తుందో నేను చెప్పలేను. ఏడవ దినమున చీకటిలో గ్రుడ్డును టార్చిలైటుకు అడ్డముగా పెట్టి, ఎర్రని నరములు కనబడనివాటిని తీసివేయండి, అది పనికివస్తుంది. వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చుకున్నవారు ఒకటి గుర్తుంచుకోవాలి. హైదరాబాదు రాజేంద్రనగరులో తయారైన ఈ జాతులు నాటుకోడి కంటె గ్రుడ్లు ఎక్కువ పెడతాయి గాని పొదుగు మీద సరిగా కూర్చోవు. కనుక ఒక నాటుపెట్టనైనా ఇంట్లో ఉంచుకోండి.

మన ప్రాంతమువారికి మరొక మాట. బూజు పట్టిన చెనక్కాయలు మనకు పనికిరావని కోళ్లకు వేస్తున్నారు. 1960లో ఇంగ్లాండులో లక్షకు దగ్గరగా టర్కీ కోళ్లు కారణము తెలియక చచ్చాయి. వెదకగా, బ్రెజిల్ నుండి దిగుమతియైన వేరుశెనగ పిండిలోని బూజు విషమని తేలింది. దానినే అఫ్లటాక్సిన్ అంటారు. కాలేయమును పాడుచేస్తుంది, మనుష్యులకు కూడా. అటువంటి కాయలు మంటలో వేయండి. పిల్లకోళ్లకు పాత పద్ధతే మేలు: కుండలో గడ్డి, పేడ కూరి తడిపి రాత్రి బోర్లించితే ఉదయానికి చెదలు పడతాయి. ఖర్చు లేదు. తెగులుతో చచ్చిన కోడిని మాత్రము తినవద్దు, అమ్మవద్దు. సున్నము చల్లి లోతుగా పూడ్చండి.

ఆ పెద్దామెకు మా ఇంటినుండి ఒక పొదుగుపెట్టను తీసుకువెళ్లాను. ఊరికే తీసుకోనన్నది. చివరకు పిల్లలైన తరువాత రెండు తిరిగి ఇచ్చే ఒప్పందము మీద తీసుకున్నది. మొన్న వెళ్తే వంటింటి మూల గంపలో ఆ పెట్ట పదమూడు గ్రుడ్ల మీద కూర్చొని నన్ను చూసి మెడ ఈకలు నిక్కించింది. ఆమె కూడా వాకిలికి అడ్డముగా నిలబడి నవ్వుతూ అన్నది: "ప్రార్థనకు ఎప్పుడైనా రాండయ్యా. కూటికి మాత్రం క్రిస్మస్ దినము రాండి."