చుట్టకు పెట్టె లేదు, పెట్టె మీద నంబరూ లేదు

సిగరెట్ పెట్టె మీద హెచ్చరిక బొమ్మతోపాటు ఒక నంబరు ఉంటుంది: 1800-11-2356. పొగాకు మానదలచినవారికి ఫోన్‌లోనే సలహా ఇచ్చే జాతీయ క్విట్‌లైన్ అది. 2016లో ఢిల్లీలోని వల్లభ్‌భాయ్ పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. 2018 సెప్టెంబరు నుంచి ఆ నంబరును పెట్టెల మీద తప్పనిసరిగా అచ్చువేస్తున్నారు. ఫోన్ ఖర్చు లేదు. మానే రోజు నిర్ణయించుకోవడానికి సాయపడి, ఆ తర్వాత కౌన్సిలర్లే ఫోన్ చేసి పలకరిస్తుంటారు. మంచి ఏర్పాటే. కానీ అరకు కొండల్లోని తల్లికి ఈ నంబరు చేరే దారేది?

ఆమె కాల్చేది సిగరెట్టు కాదు. సంతలో కొన్న పొగాకుతో చుట్ట చుట్టుకుని, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ. ఆ చుట్టకు పెట్టె లేదు కనుక హెచ్చరికా లేదు, నంబరూ లేదు. గాలికీ వానకూ ఆరిపోదనీ, చంకలో బిడ్డ మీద నిప్పు రాలదనీ స్త్రీలు చెప్పే కారణాలు వాళ్ళ పనిలోంచి వచ్చినవే. అయితే ఆ వేడీ పొగా తిన్నగా తగిలేది అంగిలికి. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ అంగిలిని ఎలా పాడుచేస్తుందో 1971లోనే ప్రచురించారు. అర్ధ శతాబ్దంగా తెలిసిన సంగతి! అయినా 2016-17 జాతీయ సర్వే ప్రకారం దేశంలో పొగతాగే స్త్రీలు నూటికి ఇద్దరే. ఆ సగటులో ఉత్తరాంధ్ర స్త్రీలు మునిగిపోయారు. పిల్లల కోసం పొగ మానండి అనే ప్రచారమంతా తండ్రిని ఉద్దేశించిందే.

నంబరు చెప్పినంత మాత్రాన పని జరగదు. ఇంట్లో ఫోన్ ఎవరి జేబులో ఉంటుంది? సిగ్నల్ కోసం ఎంత దూరం నడవాలి? తెలుగులో మాట్లాడేవారు దొరికినా, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే స్త్రీకి అది పరాయి భాషే.

మన సంగతీ చెప్పుకోవాలి. 1992లో నెల్లూరు జిల్లా సారా ఉద్యమానికి మనం గొంతు కలిపాం. అక్కడ తాగింది మగవాళ్ళు. ఇక్కడ కాల్చేది మన అక్కలూ, అవ్వలూ. అందుకని ఒకరు "అది వాళ్ళ సంస్కృతి" అని తప్పుకుంటారు (పర్యాటకులకైతే అదొక వింత ఫోటో), ఇంకొకరు మురికి అలవాటని చీదరించుకుంటారు. ఈ రెంటిలో ఏదీ ఆమె నోరు తెరిపించి ఒకసారి చూడదు.

ముందు జరగవలసింది ఆ చూడటమే. అంగిలి మీద తెల్ల మచ్చ ఉంటే ఆమెకు చూపించి, వెంటనే ఆసుపత్రికి పంపాలి. ఫోన్ సలహా ఆ తర్వాత. సంత రోజున, సిగ్నల్ అందేచోట, ఆమె ఇష్టపడితేనే, మగవాళ్ళ ఎదుట కాకుండా ఆశా కార్యకర్త తన ఫోన్ నుంచి మాట్లాడించవచ్చు. కౌన్సిలర్ తిరిగి చేసే ఫోన్ కూడా ఆ కార్యకర్తకే రావాలి. భర్తనూ అదే వారంలో మానమని కూర్చోబెట్టాలి. పక్కన ఒకరు కాలుస్తుంటే మరొకరు మానడం కష్టం, పసివాడు పీల్చేది ఇద్దరి పొగనీ. ఇదంతా ఆశాల నెత్తిన మరో వెట్టిగా రుద్దకూడదు. కువి, ఆదివాసీ ఒడియా వచ్చిన స్థానిక యువతులకు శిక్షణా జీతమూ ఇచ్చి కౌన్సిలర్లుగా నియమించమని పాడేరు ఐటిడిఎనూ, అల్లూరి సీతారామరాజు జిల్లా వైద్యాధికారులనూ సంఘాలు కలిసి అడగాలి.